బతికున్న మనిషి కొలత

సుంకులమ్మ చెయ్యి అంటే చుట్టుపక్కల నాలుగూర్లకు తెలుసంట. చెయ్యంటే కొట్టే చెయ్యి కాదబ్బా, విత్తే చెయ్యి. కొట్టే చెయ్యి గూడా ఉందిలే, దాని సంగతి ఆఖర్న చెప్తా, తొందరపడొద్దు. వాన పడి భూమి పదునైనాక గొర్రు కట్టి మగోడు ఎద్దులు తోలుతా ఉంటే, ఎనకాల ఆడమనిషి నడుస్తా జడ్డిగంలోకి గింజలు వదలాల గదా. జడ్డిగం అంటే ఇప్పటి పిల్లోళ్లకు యాడ తెలుస్తాది, గొర్రు మింద నిలబెట్టిన కొయ్యగిన్నె అనుకో. దానికి అడుగున బొక్కలు, బొక్కలకు గొట్టాలు, గింజ ఆ గొట్టంలో దిగి సాలులో పడతాది. అందులోనూ కొర్రలు. ఆవగింజంత ఉంటాయా, పిడికిలి కొంచెం సడలిందా గుత్తులు గుత్తులుగా పడతాయి, కొంచెం బిగిసిందా సాలంతా బోడి. సుంకులమ్మ పిడికిలి అట్ల కాదంట. ఆమె విత్తిన చేను మొలకొచ్చినాక గట్టు మింద నిలబడి చూస్తే, దువ్వెన పండ్ల మాదిరి ఉండేదంట, వరసగా, ఒకటికొకటి ఎడంగా. ఆ ఊర్లో ఒక కట్టుబాటు ఉంది. ఇంటి విత్తనం ఎవురి చేతిలో ఉంటే వాళ్లు ఏరువాకనాడు నడుముకు విత్తనాల ఒడి కట్టుకొని మొదటి సాలు ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా నిలబడకుండా నడవాల. మధ్యలో నిలబడినారా, ఒడి విప్పి ఇంకొకరికి కట్టాల. ఒకసారి విప్పిన ఒడి మళ్లీ ఆ నడుముకు రాదు. ఏ గింజ దాచాల, ఏ గింజ తినాల, ఏ చేన్లో ఏమి పెట్టాల అనే మాట గూడా ఒడితోపాటే పోతాది. ఆమె పాతికేండ్లు నడిచింది. మొగుడు పోయినాక గూడా ఆరేండ్లు నడిచింది. పిల్లల్లేరు. మరిది మద్దిలేటి, వాని పెండ్లాం పుల్లమ్మ, ఈమె, ముగ్గురిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. ఇంట్లో ఆమెకు ఆమెది అని ఉన్నది ఆ ఒడి ఒకటే అనుకో.

ఏమైందంటే, శివరాత్రి పోయిన వారానికి చొప్పమోపు నెత్తిన పెట్టుకొని వంక దాటతా ఉంటే పాచిరాయి మింద జారింది. కుడికాలు మోకాలి పైన విరిగింది. టౌనుకు ఎత్తుకొని పోయినారు, ఆస్పత్రిలో లోపల ఇనప కడ్డీ పెట్టినారు, ఎముక అతుక్కునింది. అతుక్కునింది గానీ కాలికి సత్తువ లేదు, బరువు పెడితే గడ్డివామి ఒరిగినట్టు ఒరుగుతాది. ఇంటికి పంపేనాడు అక్కడ నడక నేర్పే పిల్ల ఒకతి మద్దిలేటిని పక్కకు పిలిచి ఏందో చాలాసేపు చెప్పిందంట, చేతులు ఆడించి, నడిచి చూపించి మరీ చెప్పిందంట. సుంకులమ్మ అప్పుడు గేటుకాడ చక్రాల కుర్చీలో కూర్చోనుంది, చూస్తా ఉంది, మాట వినపళ్లేదు. ఏం చెప్పింది అబ్బీ అని అడిగితే, జాగ్రత్తగా చూసుకోమనింది వదినా అన్నాడంట. అంతే. ఈ మాట కొంగున ముడేసుకోండి. నేను మళ్లీ అడుగుతా.

ఇంటికొచ్చినాక కట్టె కావల్ల గదా. కట్టె కావాలని అడిగింది ఆమె. ఎట్లాంటి కట్టె కావాలని ఆమెను అడిగినోడు లేడు. కాలు ఆమెది, చెయ్యి ఆమెది, కట్టె మాత్రం ఊరిది. మద్దిలేటి అటక మింద నుంచి అన్న కట్టె దించినాడు. అది గొర్రెలు తోలే దుడ్డుకట్టె, ఆయప్ప తాటిచెట్టంత మనిషి, కట్టె సుంకులమ్మ భుజం దాటతాది. మా అన్న కట్టె వదినా, మా అన్నే నిన్ను నడిపిస్తాడు అన్నాడంట, కండ్లల్లో నీళ్లు పెట్టుకొని మరీ. ఇట్లాంటి మాటలు అన్నప్పుడు ఎదురు చెప్పడానికి నోరెట్ల వస్తాది చెప్పండి. విరిగిన కాలు కుడికాలు గాబట్టి కుడిచేతికే ఇచ్చినాడు. విరిగిన పక్క గదా ఊత కావాల్సింది అని అందరూ అన్నారు. ఆ కట్టె పట్టుకుంటే చెయ్యి చెవికాడికి లేచేది, భుజం ఎక్కిపోయేది, మనిషి ఎడమపక్కకు వాలేది. నాలుగు దినాలు నడిచింది, అయిదో దినం మెడ తిరగలేదు. అప్పుడు ఏమన్నారో తెలుసునా. కట్టె ఇచ్చినా నడవలేకుంది పాపం అన్నారు. కట్టెకు ఏ తప్పూ లేదు. తప్పంతా ఆమె కాలిదే.

సరే, కొత్త కట్టె చేయించుదామని వడ్రంగి మౌనాచారిని పిలిపించినారు. మౌనాచారి మంచి పనోడు, బండి చక్రం చేస్తే వెంట్రుక సందు ఉండదు. వచ్చినాడు, చెక్క చూసినాడు, టేకు మంచిదన్నాడు, పిడికి చిలకతల చెక్కుతా అన్నాడు. అంతా బాగుంది. నా కొలత తీసుకో ఆచారీ అని సుంకులమ్మ గోడ పట్టుకొని లేచి నిలబడింది. ఆయప్ప రెండడుగులు ఎనక్కి పోయినాడంట. వద్దు తల్లీ, బతికున్న మనిషిని కట్టె పెట్టి కొలవకూడదు, కొలిస్తే ఆయుస్సు కట్టెలోకి దిగిపోతాది, పాడెకు మాత్రమే అట్ల కొలిచేది, నా చేత్తో ఆ పాపం చేయించొద్దు అన్నాడు. ఆ ఊరి నమ్మకం అది. చూడండి మళ్లా, రవిక కుట్టేటోడు టేపు పెట్టి ఎన్నిసార్లు కొల్చినా ఎవురూ చావలేదు. కట్టె పెడితే మాత్రం చస్తారంట. మరి కొలవకుండా కట్టె ఎట్ల చేస్తావని అడిగితే, నీడ కొలుస్తా అన్నాడు. నవ్వొద్దండి, ఆయప్ప తెలివితక్కువోడు కాదు. పొద్దున తొమ్మిది దాటినాక కొంచెంసేపు మనిషి నీడ మనిషికి సమానంగా పడతాది, ఆ లెక్క వాళ్ల తాత కాలం నుంచి వాళ్లకు తెలుసు. రేపు తొమ్మిదికి వస్తా అని చెప్పిపోయినాడు. మరుసటినాడు తొమ్మిదికి ఎవురిదో బండి ఇరుసు విరిగింది, దాని పని చూసుకొని వచ్చేసరికి పొద్దు వాలి నాలుగైంది. ఇంత దూరం వచ్చినా గదా, కొంచెం అటూ ఇటూ అయితే ఏమిలే అని, ఆమెను వాకిట్లో నిలబెట్టి, నీడ చెయ్యి కాడ్నుంచి నీడ కాలుదాకా తాడు పెట్టి కొలుచుకొని పోయినాడు. సాయంత్రం నీడ గదా, కట్టె రొమ్ములదాకా వచ్చింది. ఇది పొడుగైంది ఆచారీ అంటే, సరే ఈసారి పొద్దున్నే వస్తా అని పది దాటినాక వచ్చినాడు. పొద్దు నెత్తికెక్కినాక నీడ ఎంతుంటాది. పసిపిల్లోని నీడంత ఉంటాది. ఆ కొలతకు కోసినాడు. కట్టె మోకాలి కాడికి వచ్చింది. పైన చిలకతల మాత్రం భలే ఉందంట, ముక్కుకు ఎర్రరంగు గూడా పూసినాడు. ఇంక పొడుగు చెయ్యాలంటే అయ్యేపనా? కోసిన కట్టె పెరగదు గదా.

ఆ పొద్దు సుంకులమ్మకు వచ్చిన కోపం ఎట్లాంటిదంటే, నోరు తెరిస్తే మంట వస్తాదేమో అని ఆమే భయపడిందంట. నేను ఈడ నిలబడి ఉండా. రెండు కాళ్లతో, రెండు చేతులతో, నోటితో ఈడ నిలబడి ఉండా. మీరు వంగి నేలను అడుగుతా ఉండారు నేనెంత అని. ఇంతే అనింది. అని ఆ చిలకతల కట్టెను పొయ్యిలో పెట్టింది. ఆ పూట ఇంటిల్లిపాది తిన్న సంగటి ఆ టేకు కట్టెతోనే ఉడికింది. పుల్లమ్మ వడ్డిస్తా వడ్డిస్తా, చిలక మాత్రం పాపం అక్కా అనిందంట. సుంకులమ్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కోపం చల్లారిపోతాదని.

అంతటితో అయిందా? కాలేదు. ఇంతలోకే మండలంలో ఎవురో పెద్దమనుషులు కాళ్లు బాగలేనోళ్లకు సాయం అని వ్యానులో సామాన్లు తెచ్చినారు. మద్దిలేటి పేరు రాయించినాడు. నాలుగు కాళ్ల స్టాండు ఒకటి ఇచ్చినారు, తెల్లగా తళతళ లాడతా ఉంది, రెండు చేతుల్తో పట్టుకొని ముందుకు పెట్టుకుంటా నడవాల. అందరికీ ఒకటే స్టాండు, పొట్టోనికీ అదే, పొడుగోనికీ అదే, కాలు లేనోనికీ అదే, కండ్లు మసకైనోనికీ అదే. ఫోటో తీసినారు. నవ్వమ్మా అన్నారంట ఫోటో తీసేటోళ్లు. ఉన్నమాట చెప్పుకోవాల, ఆ స్టాండు చెడ్డది కాదు. బండలు పరిచిన ఇంట్లో, రెండుకాళ్లూ వణికే ముసలోళ్లకు అది దేవుడిచ్చిన వరమే. సుంకులమ్మ పక్కింటి కాశమ్మ, ఎనభై ఏండ్లది, దాన్ని పట్టుకొని మూడేండ్ల తర్వాత మొదటిసారి తనంతట తాను బావికాడికి పోయింది. సుంకులమ్మే ఆమెకిచ్చేసింది. ఎందుకిచ్చినావు, ఊరికే వచ్చిందాన్ని అని మద్దిలేటి ఎగిరినాడు. అప్పుడామె అనింది, నాలుగు కాళ్లు ఇచ్చినారు అబ్బీ, నా రెండు చేతులు తీసుకున్నారు, గింజ దేంతో వదలాల అని.

అప్పుడు గదా మద్దిలేటి మనసులో మాట బయటికొచ్చింది. ఇంకెందుకు వదినా ఆ గింజల గొడవ, నువ్వు కూర్చో, కాయలు ఒలుచు, ఈ ఏరువాకకు ఒడి పుల్లమ్మకు కడదాం అన్నాడు. మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్న మాటలే కోసేది. పుల్లమ్మ అక్కడే ఉంది, నాకొద్దబ్బా, నా చేతిలో కొర్రలు నిలవవు అని గొణిగింది గానీ ఆమె మాట ఎవురు విన్నారు. సుంకులమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఏరువాకకు ఇరవై దినాలు ఉంది. లేచింది. గోడ పట్టుకునింది. ఆ గోడ అయిపోతే పక్కింటి గోడ, అది అయిపోతే ఆ పక్క దడి, దడి అయిపోతే కట్టేసిన బండి చక్రం, ఇట్ల పట్టుకొని పట్టుకొని వీధంతా నడిచింది. పట్టపగలు, అరుగుల మింద అందరూ చూస్తా ఉండారు. యాడికి మ్మే, ఈ కాలుతో యాడికి అని అడిగినారు. ఓబులేసు కాడికి అనింది.

ఓబులేసు ఎవురంటే, ఊరి చివర ఇల్లు, చెప్పులు కుడతాడు, ఊర్లో ఎవురు పోయినా పాడె కట్టేది ఆయనే. పీనుగు పక్కన బొంగు పెట్టి కొలిచి, బారెడు ఎక్కువ పెట్టి కోసి, అడ్డకట్టెలు కట్టి తయారుచేసేది ఆయనే. పిలిస్తే ఆయన రావాల గానీ ఆయన ఇంటికి ఊరోళ్లు పోయేది లేదు. ఆయప్ప ఆమెను చూసి చేతిలో చెప్పు పక్కన పెట్టి లేచినాడంట. ఎవురు పోయినారమ్మా అన్నాడు. ఎవురూ పోలేదు, నన్ను కొలిచేకి వచ్చినా అనింది. కూర్చోడానికి పీట గూడా వెయ్యమని అడగలేదు, తానే చెప్పుల తోలు పక్కకు జరిపి అరుగు మింద కూర్చునింది. సంగతంతా చెప్పింది. ఓబులేసు చెవులు మూసుకున్నాడు. వద్దమ్మా, నేను కొలిస్తే ఊరు నన్ను బతకనిస్తాదా, రేపు నీకు జొరమొచ్చినా నా మిందికే వస్తాది అన్నాడు. ఆయప్ప భయం ఆయప్పది, అది గూడా నిజమే గదా. అప్పుడు సుంకులమ్మ ఏమనిందంటే:

"చచ్చినాక ఎట్లన్నా నన్ను కొలిచేది నువ్వే గదా ఓబులేసూ. అప్పుడు పొట్టిదైందో పొడుగైందో నేను చెప్పలేను. ఇప్పుడు కొలువు. చెప్తా."

ఓబులేసు చెవుల మింద నుంచి చేతులు తీసినాడంట. నలభై ఏండ్లుగా మనుషుల్ని కొలుస్తా ఉండాడు, ఒక్కరన్నా చెప్పినారా బాగుంది బాగలేదని. లేచి లోపలికి పోయి పచ్చి బొంగు ఒకటి తెచ్చినాడు, గట్టిది, కణుపులు దగ్గర దగ్గరగా ఉన్నది, చేతికి తేలికైనది. కొలవలేదు. ఆమె రొమ్ముల ఎత్తుకు ఉన్నదాన్ని అట్లే చేతికిచ్చి, ఎట్లుందమ్మా అన్నాడు. భుజం లేస్తా ఉంది అనింది. రెండు వేళ్ల మందం కోసినాడు. ఇప్పుడు? ఇంకా లేస్తా ఉంది. ఇంకో రెండు వేళ్లు. ఇప్పుడు? మోచెయ్యి ఎక్కువ వంగతా ఉంది. ఇంకో వేలు. ఇట్ల పొద్దు వాలేదాకా కోస్తా అడుగుతా, కోస్తా అడుగుతా. దగ్గరికొచ్చేకొద్దీ గోరంత గోరంత కోసినాడంట, కోసిన కట్టె పెరగదని ఆయప్పకు తెలుసు. ఆఖరికి ఒకసారి ఇస్తే ఆమె మాట్లాడలేదు. ఏమ్మా, బాగలేదా అన్నాడు. బాగుంది ఓబులేసూ, నా నడుము నిలబడింది అనింది. అప్పుడు చెయ్యి కిందికి వేలాడేసి చూసుకుంటే, కట్టె తల సరిగ్గా మణికట్టు మడత కాడికి వచ్చి ఆగింది. పట్టుకుంటే మోచెయ్యి కొంచెమే, రవ్వంత వంగుతాది. ఇంకేమీ లేదు. అంత చిన్న కొలత. దానికోసం మూడు కట్టెలు, ఒక చిలక.

ఇంకొక సంగతి ఉంది, అది ఓబులేసుకు గూడా తెలీదు. ఆయప్ప గూడా అందరి మాదిరే కుడిచేతికే ఇచ్చినాడు. సుంకులమ్మ చూసుకునింది. కుడిచేతితో నాకు పనుంది అనింది. ఎడమచేతికి మార్చుకునింది. అట్ల కాదమ్మా, బాగలేని పక్క పట్టుకోవాల అని ఓబులేసు భయపడతా ఉండాడు, ఆమె నాలుగడుగులు వేసింది. కుడికాలు ముందుకు పోయేటప్పుడు ఎడమచేతి కట్టె గూడా దాంతోపాటే ముందుకు పోతాంది, బరువు సగం కట్టె మోస్తాంది, సగం కాలు మోస్తాంది. మనిషి ఒరగలేదు. చెయ్యి ఊపుకుంటా నడిచేటప్పుడు ఎట్ల నడుస్తామో అట్లనే. ఇన్ని దినాలు బాగలేని పక్కనే బరువంతా దొర్లించి, కట్టె తప్పు చేత పట్టుకొని, నా కాలును తిట్టుకున్నా గదా అని ఆమె ఆ వీధి మధ్యలో నిలబడి తన కాలును తానే తడిమిందంట, బిడ్డను తడిమినట్టు.

మరుసటినాడు దున్నిన చేన్లోకి పోయి చూసుకుంటే బొంగు జానెడు దిగబడింది. మళ్లా ఓబులేసు కాడికే పోయింది. ఆయప్ప నవ్వినాడు. మనిషి దిగబడకుండా చెప్పు తొడుక్కుంటాడు, కట్టెకెందుకు వద్దు అని పాత టైరు చెప్పు అడుగు అరచేతంత గుండ్రంగా కోసి బొంగు కిందికి బిగించి మేకులు కొట్టినాడు. కట్టెకు చెప్పు తొడిగిన మొదటి ఊరు అదేనంట, చెప్పినోళ్లు చెప్పినారు, నిజమో అబద్ధమో.

ఇంక ఊరు ఊరుకుంటాదా. పాడెబొంగు పట్టుకొని తిరుగుతాంది అన్నారు. ఏడాది తిరగదు అన్నారు. మౌనాచారి గుడి ముందర నిలబడి, నేను వద్దని చెప్పినా, నా మింద దోషం లేదు అన్నాడు. మద్దిలేటి ఆ బొంగు గడప దాటి లోపలికి రాకూడదన్నాడు. అయితే నేనూ రాను అనింది ఆమె, చాప తెచ్చుకొని అరుగు మింద పండుకునింది. మూడోనాడు పుల్లమ్మ వచ్చి, మొగుడు చూస్తా ఉండంగానే, ఆ కట్టె చేత్తో తీసుకొని లోపలికి పోయి పొయ్యి పక్కన ఆనించింది. ఏమే, నీకు గూడా పిచ్చి పట్టిందా అని వాడు అరిస్తే, పొయ్యి ఊదేది నేను, నాకు భయం లేదు, నీకెందుకు అనిందంట. ఆ పొద్దు నుంచి సుంకులమ్మ దినమూ చేన్లో నడిచింది. ఎడమచేత కట్టె, కుడిచేత పిడికెడు ఇసుక. ఇసుక వదలతా నడిచేది. ఏరువాక దగ్గర పడేకొద్దీ ఇసుక వరస సన్నగా, తిన్నగా, దువ్వెన పండ్ల మాదిరి అయింది.

ఏరువాక వచ్చింది. వాన మంచిగా పడింది. గట్టు మింద ఊరు సగం ఉంది, ఆమె నిలబడి పోతాదా నడిచిపోతాదా చూడాలని. సుంకులమ్మ ఒడి కట్టుకునింది. మద్దిలేటి గొర్రు కట్టినాడు. ఏం చేసినాడో చూడండి. రోజూ తోలే ఎద్దులే, రోజూ నడిచే నడకే, ఆ పొద్దు మాత్రం తోకలు మెలిపెట్టినాడు. ఎద్దులు దౌడు తీసినాయి. అడుగులు తడబడినాయి ఆమెవి, గట్టు మింద అయ్యో అన్నారు. ఎద్దుల్ని తోలు అబ్బీ, నన్ను తోలొద్దు అనింది ఆమె, గట్టిగా గూడా అనలేదు. అయినా అది గట్టు మిందోళ్లందరికీ వినపడింది. వాడు సిగ్గుపడి చెయ్యి సడలించినాడు. అంతే, ఇంక నడిచింది. కట్టె, కుడికాలు, ఎడమకాలు, పిడికిలి. కట్టె, కుడికాలు, ఎడమకాలు, పిడికిలి. ఆ గట్టు తగిలేదాకా నిలబడలేదు. గొట్టంలో గింజ ఆగలేదు. ఒడి ఆమె నడుమునే ఉంది.

ఈడికి కథ అయిపోవాల. అయిపోయేదే. మద్దిలేటి నోరు ఊరుకోలేదు. మెచ్చుకోవాలనుకున్నాడో, పదిమంది ముందర మంచోడనిపించుకోవాలనుకున్నాడో, నాకు తెలీదు. ఎద్దులు ఆపి, ఎనక్కి తిరిగి, నవ్వుతా అన్నాడంట:

"భలే నడిచినావు వదినా. ఆస్పత్రిలో ఆ పిల్ల చెప్పినట్టే పట్టుకున్నావే, మంచి కాలు పక్క. కొలత గూడా అంతే చెప్పింది, మణికట్టు కాడికి."

కొంగున ముడేసుకోమన్నా గదా, ఇప్పుడు విప్పండి. సుంకులమ్మ, ఎప్పుడు చెప్పింది అని అడిగింది. పంపించేనాడు అన్నాడు. పంపించేనాడు అంటే రెండు నెలలు దాటింది. మెడ పట్టేసిన దినాలున్నాయి అందులో, గోడలు పట్టుకున్న దినాలున్నాయి, నేల మింద నీడకు మొక్కిన దినాలున్నాయి. నాకెందుకు చెప్పలేదు అబ్బీ అనింది. వాడు తల గోక్కున్నాడు. ఆ పిల్ల కొలవమంటా ఉంది గదా వదినా, మనూర్లో కొలవరు గదా, చెప్పినా నువ్వేం చేస్తావులే అనుకున్నా అన్నాడు.

చెప్పినా నువ్వేం చేస్తావులే. వినండి ఆ మాట. మళ్లీ మళ్లీ వినండి. దొంగతనం చేసినోడు గూడా ఇంతకంటే మర్యాదగా మాట్లాడతాడు. కట్టె ఎత్తుతాదని అందరూ అనుకున్నారంట. ఎత్తలేదు. ఎత్తితే పడిపోతాది గదా, ఆ కట్టె విలువెంతో ఆమెకు తెలుసు. ఎడమచెయ్యి కట్టె మిందే ఉంది. కుడిచెయ్యి ఒడిలో ఉంది, గింజల్లో. ఆ చెయ్యి తీసి, వాన పడిన చెమ్మతో, కొర్రలతో సహా, మరిది చెంప మింద ఒక్కటి ఇచ్చింది. చిన్నప్పుడు ముక్కు తుడిచి పెంచిన చెయ్యే గదా అది. చెంప మింద గింజలు అంటుకున్నాయంట, అయిదు వేళ్లకూ అయిదు వరసలు, ఒకటికొకటి ఎడంగా, దువ్వెన పండ్ల మాదిరి. గట్టు మింద కాశమ్మ, స్టాండు పట్టుకొని నిలబడి, విత్తనం బాగా పడింది అనిందంట.

"నా కాలు అబ్బీ. నీది కాదు. నాకు చెప్పమని నీకు చెప్పింది. ఇప్పుడు చెప్పు. ఆ పిల్ల చెప్పింది మొత్తం, ఒక్క మాట వదలకుండా, అందరికీ వినపడేట్టు."

రెండో సాలు తోలనియ్యలేదు. ఎద్దులు నిలబడినాయి, వాడు నిలబడినాడు, చెంప మింద గింజలతో చెప్పినాడు. చెప్పులు తొడుక్కొని తిన్నగా నిలబడాల, చెయ్యి వేలాడెయ్యాల, కట్టె మణికట్టు కాడికి రావల్ల, మంచి కాలు పక్క చేత పట్టుకోవాల, బాగలేని కాలితోపాటే కట్టె కదలాల, కింద జారకుండా రబ్బరు ఉండాల. ఇంకా ఉంది చెప్పు అనింది ఆమె, మొకం చూసి కనిపెట్టింది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందర, దిగేటప్పుడు బాగలేని కాలు ముందర, కట్టెతోపాటు, అన్నాడు వాడు. ఎప్పటికప్పుడు రబ్బరు అరిగిందేమో చూసుకోవాలంట. అయిపోయిందా? అయిపోయింది వదినా. అప్పుడు కదలనిచ్చింది గొర్రును.

ఏడాది తిరగదన్నారే, సుంకులమ్మ ఆ కట్టెతో ఇంకా పద్నాలుగు ఏరువాకలు నడిచింది, చెప్పు అడుగు మాత్రం ఏడుసార్లు మార్చినాడు ఓబులేసు. మద్దిలేటి సంగతి అడగరేం. ఊర్లో ఎవురికి కాలు విరిగినా, ఎవురూ పిలవకపోయినా, ఆ చెంప తడుముకుంటా పోయి మెట్ల సంగతితో సహా చెప్పి వచ్చేవాడంట. కొందరికి బుద్ధి తలలో ఉండదు, చెంపలో ఉంటాది. కథ అంతే. ఇప్పుడు నన్ను కొంచెం లేపండి. ఏం చూస్తాండారు, నా చేతికట్టెనా? బాగుంది గదా, పైన సింహం తల, మా చిన్నోడు సంతలో కొనుక్కొచ్చినాడు, మంచి వెల పెట్టినాడు. నా చెయ్యి యాడికి లేచిందో చూడండి. వెల ఎంతని అందరూ అడుగుతారు. నన్ను అడిగి కొన్నాడా అని ఒక్కరూ అడగరు.